పాకం జాడీలో మాంత్రికుడు

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేకుండా ఉంది. తూర్పున పాకంలో వేసిన కుంకుమపువ్వులా ఎరుపు కరిగి జారుతోంది. పడమట సున్నపుతేట పోసినట్టు తెల్లమబ్బు అడ్డంగా నిలిచింది. రెండింటి నడుమా ఒక నల్లని చుక్క. గద్ద అనుకుందామంటే గద్ద అప్పుడప్పుడైనా రెక్క ఆడించాలి. అది ఆడించడం లేదు. పొగతోక ఒకటి ఈడ్చుకుంటూ తిన్నగా నిప్పులకోన మీదికి వస్తోంది.

కోనలోకి దిగే ఇరుకుబాటలో కంచరగాడిదను తోలుకొస్తున్న జాడీలవాడు దాన్ని చూసి తలపాగా ముఖం మీదికి లాక్కున్నాడు.

తలపాగా మాసినదే. అంగీ చిరిగినదే. కాని ఆ నడక జాడీలవాడి నడక కాదు. జాడీలు అమ్మేవాడు గాడిదను ముందు పోనిచ్చి, సరుకు మీద ఒక కన్నేసి వెనక నడుస్తాడు. ఇతడు వెనక సైన్యం వస్తున్నట్టు ఛాతీ విరుచుకుని గాడిదకు ముందు నడుస్తున్నాడు. అతడు గంధవతీ రాజ్యపు యువరాజు హేమాంగదుడు.

ఉల్కాముఖుడనే మాంత్రికుడు హేమాంగదుని తండ్రి ధర్మకేతు మహారాజు పలుకును ముత్యంగా మార్చి, మింగి, తన గొంతులో దాచుకున్నాడు. నాటినుండి రాజు మూగవాడు. రాజుగొంతు మాత్రం రాజ్యమంతటా వినిపిస్తూనే ఉంది. ఆ గొంతుతో మాంత్రికుడు పిలిచినప్పుడు ఎవరు "చిత్తం" అన్నా, కనీసం "ఊఁ" అన్నా, చెప్పిన పని ముగిసేదాకా వాళ్ళు అతని బంట్లు. కోటతలుపులు అలాగే తెరుచుకున్నాయి. పదిమంది శత్రురాజులను గడగడలాడించిన సేనాధిపతి అలాగే వెళ్ళి మాంత్రికుడి కాళ్ళు పిసికి వచ్చాడు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు "హేమా, తిన్నావా?" అని అడగడం ధర్మకేతు మహారాజుకు అలవాటు. కొడుకు పక్కనే కూర్చుని తింటున్నా అడిగేవాడు. ఇప్పుడూ అడుగుతున్నాడు. పెదవులు కదులుతాయి, అంతే.

ధూమశైలం మీది ముని హేమాంగదునికి ఒక ఉపాయం చెప్పాడు. "నాయనా, వాడికి తీపి అంటే ప్రాణం. నాలుక మండితే వాడి మంత్రం పలకదు. గొంతు మండితే ముత్యం నిలవదు. అయితే కారం అని తెలిస్తే వాడు నోరే తెరవడు. నిప్పులకోనకు వెళ్ళు. అక్కడి వాళ్ళు కారాన్ని తీపిలో దాస్తారు." ఇంత చెప్పి ముని కళ్ళు మూసుకున్నాడు. యువరాజు నమస్కరించి నాలుగడుగులు వేశాక ఒక కన్ను తెరిచి, "వచ్చేటప్పుడు నాకూ ఒక చిన్న జాడీ" అన్నాడు.

నల్లచుక్క దగ్గరపడింది. అది మాంత్రికుడు పొగతో అల్లి పంపిన రాబందు. మెడలు రెండు, ముక్కులు రెండు, ఆకలి మాత్రం నలుగురిది. యువరాజు తాళ్ళవంతెన నడుమకు చేరేసరికి కీచుమంటూ మీదికి దూకింది. కత్తి దూద్దామంటే అది జాడీల కింద ఉంది. అతడు చేతికందిన జాడీని మూతి ముందుకు పెట్టి విసిరాడు. రాబందు తల ఒకటి పోయి జాడీలో ఇరుక్కుంది. రెండో తల అదేమిటో చూద్దామని వంగి తానూ దూరింది. లోపల రెండు ముక్కులూ ఒకదాన్నొకటి పొడుచుకుంటుండగా రాబందు గిరికీలు కొడుతూ వచ్చి వంతెన తాళ్ళను తెంపుకుంటూ లోయలో పడింది. వంతెన అటూ ఇటూ విడిపోయింది. కంచరగాడిద ఒక్క గెంతు గెంతి అవతలి ఒడ్డు మీద పడింది. గంధవతీ యువరాజు దాని తోక పట్టుకుని గాలిలో వేలాడాడు. గాడిద వెనక్కి తిరిగి, ఈ పని ఒప్పందంలో లేదన్నట్టు చూసి, ఈడ్చుకుంటూ గట్టెక్కించింది.

కోన అడుగున, నేలంతా కెంపులు ఆరబోసినట్టు మిరపతోటల నడుమ, పేరిందేవి ఇల్లు ఉంది. లావాటి మిరపకాయలను పాకం పట్టడంలో ఆమెను మించినవాళ్ళు కోనలో లేరు. మాటల్లోనూ లేరు.

"జాడీలు నిన్న తెమ్మంటే ఇయ్యాల తెస్తావా? పండిన కాయ నీకోసం చెట్టున కూచుంటదా? ఇదేంది, ఒకటి తక్కువగా ఉంది. పగలగొట్టుకున్నావా? కళ్ళు యాడ పెట్టుకోని నడిచావు అబ్బాయా?"

"అవ్వా, నేను జాడీలవాణ్ణి కాను. వాడికి నా ఉంగరం ఇచ్చి గాడిదతో సహా ఇవి తెచ్చాను. నేను గంధవతీ యువరాజును." హేమాంగదుడు తలపాగా తీసి జరిగినదంతా చెప్పాడు.

పేరిందేవి గరిటె నడుమున పెట్టుకుని విన్నది. "రాజుగారి గొంతు మింగాడా? మింగనీ. నా కాయ మింగి చూడమను." ఆమె లోపలికి తిరిగి, "ఏమయ్యో! యువరాజంట. పీట వెయ్యి" అని కేకేసింది.

ఆమె భర్త బోడెన్న పీట తెచ్చి వేశాడు. జాడీలకు మూతలు వేసి మైనంతో మూసే పని ఆయనది. ఆయన గొంతు ఎలా ఉంటుందో ఊళ్ళో చాలామందికి తెలియదు.

"కూచోబాక అబ్బాయా, పీట వేసింది మర్యాదకి. చేతులు కడుక్కోని రా. కాయలు గుచ్చాల. ముందే చెప్తన్నా, ఆ చేత్తో కళ్ళు ముట్టుకోబాక."

నిన్న రాత్రంతా సున్నపుతేటలో నానిన కాయలు బుట్టలో నిగనిగలాడుతున్నాయి. సున్నపుతేట పడితే కాయ ఎంత ఉడికినా కరకర పోదు. వాటిని మంచినీళ్ళలో మళ్ళీమళ్ళీ కడిగి, తుమ్మముల్లుతో ఒళ్ళంతా గుచ్చాలి. గుచ్చిన ప్రతి చోటా పాకం దిగుతుంది. చుట్టాలకు చేసేటప్పుడు తొడిమ దగ్గర కోసి గింజ తీసేస్తారు. ఇవాళ గింజ తియ్యొద్దని పేరిందేవి ఆజ్ఞ.

"పాకం ఎంత లోపలికి పోతే కారం అంత వెనక్కి పోయి దాక్కుంటది. తిన్నోడికి ముందు తీపి ఎదురొస్తది. వాడు నవ్వతా లోపలికి పోతాడు. కారం తలుపు చాటున ఉంటది." ఇలా అంటూనే ఆమె యువరాజు చేతిమీద గరిటెతో ఒకటి వేసింది. "అంత లోతుగా గుచ్చితే కాయ చిరుగుద్ది. అది శత్రువు కాదు, మిరపకాయ."

హేమాంగదుడు మదపుటేనుగుల ముందు రెప్ప వేయనివాడు. బాణాల వానలో నవ్వినవాడు. అతనికి నుదుట చెమట పట్టింది. తుడుచుకున్నాడు. ఆ తర్వాత చాలాసేపు గంధవతీ రాజ్యపు ఆశాకిరణం పెరట్లో నీళ్ళతొట్టిలో తలపెట్టి ఉంది. గాడిద పక్కన నిలబడి నీళ్ళు తాగింది.

అతడు ఎర్రటి కళ్ళతో తిరిగి వచ్చేసరికి పొయ్యి మీద బెల్లంపాకం తీగసాగుతోంది. దంచిన అల్లం, ఏలకులు, పిండిన నిమ్మరసం అందులో పడ్డాయి. కాయలు పడ్డాయి. పాకం బుసలు కొడుతూ పైకి పొంగి, అవ్వ గరిటె చూసి తగ్గింది. కాయలు మెల్లగా రంగు మార్చుకున్నాయి. పగడం కెంపైంది, కెంపు మాణిక్యమైంది, లోపలినుండి దీపం పెట్టినట్టు వెలిగాయి. ఆ వాసన చూరు దాటి, తోట దాటి, కొండకొమ్ము ఎక్కింది.

వేరే పొయ్యి మీద గంగాళంలో జాడీలు మరుగుతున్నాయి. బోడెన్న పటకారుతో ఒక్కొక్కటే తీసి, నీళ్ళు వంపి, వరుసగా పెట్టాడు. అవ్వ మరిగే పాకంతోనే కాయలను వాటిలో నింపింది. జాడీ అంచు తడిగుడ్డతో తుడిచింది. బోడెన్న పలుచని ఇత్తడి మూతలు వేసి, చుట్టూ మైనం అద్దాడు.

"ఇక నోరు మూసుకో" అంది పేరిందేవి గొంతు తగ్గించి. "జాడీ చల్లారేటప్పుడు మూతను లోపలికి గుంజుకుంటది. టక్కుమంటది. దాన్నే మూత కూచోటం అంటాం. ఆ చప్పుడు వినాల. వినపడని జాడీ బూజు పడతది. అందుకని అన్ని మూతలూ కూచునేదాకా ఈ కోనలో ఎవరింటో ఎవరూ మాట్లాడరు. వచ్చినోడు రాజైనా సరే, కూచోని ఒక ముద్ద తిని పోవాల్సిందే గాని నోరు మెదపకూడదు."

పేరిందేవి పగటిపూట మౌనంగా ఉండేది అప్పుడొక్కటే. బోడెన్న ఏడాదికి అన్ని జాడీలు ఎందుకు మూస్తాడో ఊళ్ళోవాళ్ళకు అర్థమైనట్టే ఉండేది.

ఒక్క పెద్ద జాడీ మాత్రం నిండా పాకంతో మూత లేకుండా మిగిలింది. అరుగు మీద ఒక పళ్ళెంలో నిగనిగలాడే కాయలు మాంత్రికుడికి ఎరగా పేర్చి పెట్టారు. యువరాజు తలపాగా చుట్టుకుని, కత్తి అంగీ కింద దాచుకుని కట్టెల పక్కన కూర్చున్నాడు.

"భవతీ భిక్షాం దేహి!"

వాకిట్లో ఒక సన్యాసి నిలబడ్డాడు. జటలు మోకాళ్ళదాకా, గడ్డం బొడ్డుదాకా, మెడలో పుర్రెచెక్కల మాల. కళ్ళు మాత్రం పళ్ళెం మీదే ఉన్నాయి. ఆయన ఊపిరి విడిచినప్పుడల్లా చూరులో ఒక గడ్డిపోచ కమురుతోంది. వంతెన లేని అవతలి కొండబాటలో ఆయన వెనక గుర్రాల దుమ్ము లేస్తోంది.

ఆయన వచ్చింది మూతలు వేశాకే. కాని వలకు వచ్చినవాణ్ణి పలకరించక తప్పదు. పేరిందేవి జాడీల వంక చూసి, మనసులో క్షమించమని అడిగి నోరు తెరిచింది. "రాండి సామీ. కోనలో పండిన పండ్లు. పాకంలో పట్టాం."

"ఎర్రగా ఉన్నవేమి?"

"పండితే ఎర్రగాక పచ్చగా ఉంటయ్యా సామీ?"

సన్యాసి కళ్ళు చిట్లించాడు. "ఓసీ వృద్ధా! లోకంలో మోసం హెచ్చినది. ముందు నీ భర్త ఆరగించవలెను. అటుపిమ్మటనే మేము."

బోడెన్న మైనం చేతులు పంచెకు తుడుచుకుని వచ్చాడు. ఒక కాయ తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. గింజలతో సహా మింగాడు. పుట్టినప్పటినుండి ఆ కోన గాలి పీల్చినవాడు. ఆయన ముఖంలో ఒక గీత కూడా కదల్లేదు.

"ఎట్లున్నది?" అన్నాడు సన్యాసి.

బోడెన్న వేలికంటిన పాకం నాకాడు.

"తీపి" అన్నాడు.

యువరాజు ఆశ్చర్యంతో కట్టె జారవిడిచాడు. సన్యాసి ఇక ఆగలేదు. ఒకటి వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఆహా! ఇది పండా, అమృతపు గుళికా!" రెండోది వేసుకుని పేరిందేవికి స్వర్గంలో చోటిచ్చాడు. మూడోది వేసుకుని బోడెన్నకూ ఇచ్చాడు. ఆ తర్వాత ఒక్కొక్కటే తీయడం ఆలస్యమని పళ్ళెం ఎత్తి నోట్లో ఒంపుకున్నాడు.

కారం తలుపు చాటునుండి బయటికి వచ్చింది.

ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ముక్కు. ఆ తర్వాత రెండు చెవుల్లోంచీ రెండు పొగదారాలు లేచి తల మీద ముడిపడ్డాయి. జటలు ఊడిపడ్డాయి, గడ్డం ఊడిపడింది, సన్యాసి వేషం చల్లారని కుండకు పూసిన రంగులా పెళ్ళలుగా రాలింది. నిప్పుకణికల కళ్ళతో, బానకడుపుతో ఉల్కాముఖుడు నిలబడ్డాడు.

"ద్రోహులారా! మిమ్ము భస్మము— హా! హూ! హూ హూ!"

పెద్దపులి కావాలని మంత్రం ఎత్తుకున్నాడు. నాలుక సగంలో తడబడింది. తోక తెగిన పిల్లి అయ్యాడు. ఏనుగు కావాలని ఎత్తుకున్నాడు. ఒక పెద్ద తొండమూ, దాని వెనక చిన్న కప్పా అయ్యాడు. ఆ తొండాన్ని నీళ్ళతొట్టిలో పెట్టబోతే గాడిద వెనక్కాళ్ళతో తన్నింది. తొట్టి తనదని దానికి అప్పటికే నమ్మకం కుదిరింది. మాంత్రికుడు దొర్లుకుంటూ అరుగు మీద పడి నిజరూపం పొంది, భూమి అదిరేలా ఒక వెక్కిలి పెట్టాడు.

గొంతులోంచి ముత్యం ఊడిపడింది. పావురంగుడ్డంత ముత్యం. వెన్నెల వెలుగుతో అరుగు మీద దొర్లింది. యువరాజు పులిలా దూకాడు. వేళ్ళకు పాకం అంటి ఉంది; ముత్యం జారి, ఎగిరి, మూతలేని పెద్ద జాడీలో బుడుంగున మునిగింది.

ఆ ముత్యం లేకపోతే ఉల్కాముఖుడు బజారు గారడీవాడు. మిగిలిన కాస్త మంత్రంతో తుమ్మెదగా మారి ఝుమ్మని జాడీలోకి దూకాడు. నిప్పులో పుట్టినవాడు, మరిగే పాకం అతన్ని ఏమీ చేయదు.

బోడెన్న మూత వేశాడు.

కంగారు పడలేదు. రోజూ వేసినట్టే వేశాడు. అంచు చుట్టూ మైనం అద్దాడు. బొటనవేలితో ఒకసారి తిప్పి నున్నగా చేశాడు. మూత పైకి లేస్తే అదిమేందుకు ఒక రోలు రెండు చేతులా ఎత్తి జాడీ పక్కన సిద్ధంగా పెట్టుకున్నాడు.

"జయ—" అనబోయాడు హేమాంగదుడు. పేరిందేవి అరచేతితో అతని నోరు మూసింది. మిరపకాయలు కలిపిన చెయ్యి. యువరాజు కళ్ళు మళ్ళీ కారాయి.

జాడీ మాట్లాడింది. తుమ్మెద ముత్యాన్ని నోట కరుచుకున్నట్టుంది. వచ్చింది ధర్మకేతు మహారాజు గొంతు, నిండు కొలువులో గర్జించే గొంతు. "ఎవరక్కడ? ఈ మూత తీయండి!"

మూత కూర్చున్నదంటే ఇక గాలి కదలదు, మాట బయటికి రాదు; తుమ్మెద ఊపిరాడక చచ్చాక ముత్యం తీసుకోవచ్చు. కూర్చోకముందు ఎవరు ఒక్క "చిత్తం" అన్నా, వాళ్ళ చేతులే పోయి మూత తీస్తాయి. ఈ సంగతి యువరాజుకు తెలుసు. అతడు అవ్వ వంక చూశాడు. ఆమె జాడీ మీద చెయ్యి పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. ఇంకా వేడిగా ఉంది.

సరిగ్గా అప్పుడే గుర్రాలు వాకిట్లో ఆగాయి.

నిప్పులకోన దాకా వెంట రమ్మని మాంత్రికుడు రాజుగొంతుతో చెబితే, "చిత్తం" అని వచ్చిన దండు అది. కోన వచ్చింది, పని ముగిసింది. ఇప్పుడు ఎందుకు వచ్చామో తెలియక మీసాలు దువ్వుకుంటున్నారు. ముందు దళపతి గండప్ప గుర్రం దిగాడు.

"గండప్పా!" అన్నది జాడీ.

దళపతి నిటారుగా నిలబడ్డాడు. చేతులు జోడించాడు. నోరు తెరిచాడు. హేమాంగదుని చెయ్యి కత్తి మీదికి పోయింది. పేరిందేవి మాత్రం గరిటె ఎత్తి, వేలు పెదవులమీద పెట్టి, అరుగు మీది జాడీల వరుస చూపించింది.

టక్. వరుస చివరనున్న చిన్న జాడీ మూత కూర్చుంది.

గండప్ప నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అతని తల్లి పుట్టిల్లు ఈ కోనే. చిన్నప్పుడు మూతలు కూర్చోకముందు దగ్గినందుకు తిన్న గరిటెదెబ్బ ఇప్పటికీ వీపున వాన పడే ముందు సలుపుతుంది. రాజాజ్ఞ ఒక పక్క, గరిటె ఒక పక్క. దళపతి నోరు మూసి, చెప్పులు విడిచి, భటులవైపు తిరిగి అవ్వ చేసినట్టే వేలు పెదవులమీద పెట్టాడు. అంతా వరుసగా అరుగు మీద కూర్చున్నారు.

బోడెన్న విస్తళ్ళు వేశాడు. పేరిందేవి వేడి అన్నం, గడ్డపెరుగు వడ్డించి, పొయ్యి మీది గిన్నెలో మిగిలిన పాకం మిరపకాయలు ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి పెట్టింది. యువరాజు భటుల నడుమ, పెద్ద జాడీకి మూరెడు దూరంలో కూర్చున్నాడు. ఏ యుద్ధంలోనూ అతడు శత్రువుకు అంత దగ్గరగా కూర్చోలేదు.

"బందిపోట్లారా! మూగవాళ్ళారా! నేను మీ రాజును! పలకండి!"

భటులు అన్నం కలిపారు. ఒకడు అలవాటుగా నోరు తెరిచాడు. గండప్ప తన విస్తరిలోని కాయ తీసి వాడి నోట్లో పెట్టాడు. వాడు మళ్ళీ తెరవలేదు.

టక్, టక్. జాడీలు కూర్చుంటున్నాయి. పెద్దది కూర్చోలేదు.

జాడీ కాసేపు ఆలోచించుకుంది. తర్వాత తీరుబడిగా, రుచి చూసినట్టు చప్పరించి అంది. "పాకం ముదిరింది."

పేరిందేవి వడ్డించే చెయ్యి ఆగింది.

"ముదురుపాకం. చక్కగా కుదిరితే తీగ సాగాలి, ఇది రాయిలా ఉంది. ఏలకులు పాతవి. దీన్ని చేసినది ఆడదేనా?"

అంతా ఆమె వంక చూశారు. ఆమె మెడనరాలు ఉబ్బాయి. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె పాకాన్ని మాట అని బతికి బయటపడ్డవాడు లేడు. ఆమె నోరు తెరిచింది. బోడెన్న తినడం ఆపాడు. ఆమె గిన్నెలోంచి అన్నింటికంటే పెద్ద కాయ తీసి, తన నోట్లో తానే పెట్టుకుని, జాడీ వంక చూస్తూ కసిగా నమిలింది.

జాడీ ఇంకా తిట్టింది, బెదిరించింది, బతిమాలింది. చివరికి అలసిపోయింది. తుమ్మెద కునికిందో, ముత్యం దాని నోటినుండి జారిందో తెలియదు. గొంతు ఒక్కటే మిగిలింది. మాంత్రికుడు నేర్పని మాట, దానికే అలవాటైన మాట, మెల్లగా అన్నది.

"హేమా, తిన్నావా?"

హేమాంగదుని చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆ మాట విని ఎన్నాళ్ళో అయింది. ఒక్క "ఊఁ" అంటే చాలు, అది నాలుక మీదికి వచ్చేసింది. ముత్యం ఒక్కటే పలికిందో, తుమ్మెద కాచుకుని ఉందో ఎవరు చెప్పగలరు?

బోడెన్న తన విస్తరిలోని పెరుగన్నం కొంచెం తీసి యువరాజు విస్తరిలో పెట్టాడు.

హేమాంగదుడు జాడీ వైపు తిరిగి కూర్చున్నాడు. జవాబుగా ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలి మింగాడు. ఇంకో ముద్ద కలిపాడు.

పక్కన గండప్ప, అవతల భటులు, ఎదురుగా అవ్వ, అందరూ కళ్ళూ ముక్కులూ కారుస్తూ తలలు వంచుకుని తింటున్నారు. బోడెన్న అరచెయ్యి జాడీ మూత మీద ఉంది. అది ఇంకా వెచ్చగానే ఉంది.